పాత బుల్లెట్‌కు లక్ష పెట్టాలా, కొత్తది కొనాలా?

ఇంటి వెనక షెడ్డులో నాన్నదో తాతదో ఒక క్యాస్ట్ ఐరన్ (పోత ఇనుప ఇంజన్) రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఉంది. ఇంజన్ పట్టేయలేదు, కిక్ రాడ్ కదులుతోంది. మెకానిక్ వచ్చి చుట్టూ తిరిగి చూసి "లక్ష పెట్టండి సార్, కొత్తదానిలా చేసిస్తా" అన్నాడు. షోరూంకి వెళితే కొత్త బుల్లెట్ 350 ఆన్‌రోడ్ రెండు లక్షల పైచిలుకు చెబుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గాక ఈ రెండు దారుల మధ్య తేడా ఇంకా తగ్గింది. అందుకే ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో నలుగుతోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజూ ఎక్కి తిరగడానికి ఒకే ఒక్క బండి కావాలంటే కొత్తది కొనండి. పాతదాని మీద మమకారం ఉంటే దాన్ని కూడా ఉంచుకోండి, కానీ బాగా ఆగడానికి, సరిగ్గా స్టార్ట్ కావడానికి, రాత్రిపూట దారి కనిపించడానికి మాత్రమే డబ్బు పెట్టండి. వేగం పెంచడానికి, రూపం మార్చడానికి పెట్టే డబ్బు దాదాపుగా పోయినట్టే. ఎందుకో చెబుతాను.

ఇంజన్ల సంగతి

కాగితం మీద చూస్తే తేడా ఏమీ లేదనిపిస్తుంది. పాత బుల్లెట్ 346 సీసీ, 18 హార్స్‌పవర్. ఇప్పటి జే సిరీస్ ఇంజన్ 349 సీసీ, 20 హార్స్‌పవర్. అరవై ఏళ్లలో పెరిగింది రెండు గుర్రాలేనా అని నవ్వుకునేవాళ్లున్నారు. అసలు తేడా ఆ అంకెల్లో లేదు.

పాత ఇంజన్ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 90. పిస్టన్ అంత పొడవునా పైకీ కిందికీ వెళ్లి వస్తుంటే పుట్టే కుదుపును అణచడానికి అందులో ఏ ఏర్పాటూ లేదు. అరవై దాకా హాయిగా ఉంటుంది. ఎనభై దాటిస్తే ఫుట్‌రెస్టులు, హ్యాండిల్, అద్దాలు అన్నీ వణుకుతాయి, నట్లు వదులవుతాయి. కొత్త ఇంజన్‌లో బోరు 72, స్ట్రోకు 85.8, దానికి తోడు కుదుపును సర్దే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది. ఐదు గేర్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్, సెల్ఫ్ స్టార్ట్. 65వ నంబరు హైవే మీద హైదరాబాద్ నుంచి విజయవాడకు పాత బండి మీదా, ఈ బండి మీదా ఒకసారి వెళ్లి వస్తే ఇక ఎవరూ వివరించనక్కర్లేదు. పాతది చెడ్డదని కాదు, అది తయారైన నాటి రోడ్లకు ఆ వేగం చాలు. ఇప్పటి నాలుగు వరసల దారిలో వెనక నుంచి బస్సు హారన్ కొడుతుంటే ఆ అరవై సరిపోదు.

"మరి పాత ఇంజన్‌కే పవర్ పెంచితే?" అని అడుగుతారు. పెంచొచ్చు. పెద్ద పిస్టన్, బోరు పెంచిన బ్యారెల్ (సిలిండర్), పెద్ద కార్బరేటర్, ఫ్రీ ఫ్లో సైలెన్సర్, అన్నీ దొరుకుతాయి. కానీ పైన ఎంత బలం పెంచితే కింద క్రాంకు మీద, కనెక్టింగ్ రాడ్ పెద్ద చివరన ఉండే బుష్ మీద, నాలుగు గేర్ల పెట్టె మీద అంత భారం పడుతుంది. అవి 18 గుర్రాలకు లెక్కేసి చేసినవి. క్యాస్ట్ ఐరన్ బ్యారెల్ వేడిని త్వరగా వదలదు, కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం ట్రాఫిక్‌లో పిస్టన్ పట్టేసే ప్రమాదం కూడా పెరుగుతుంది. అప్పుడు కింది భాగం, ఆయిల్ పంపు, గేర్‌బాక్సు, బ్రేకులు, ఒకదాని వెంట ఒకటి మార్చుకుంటూ పోవాలి. మొదట అనుకున్న లక్ష రెండు లక్షలవుతుంది, అప్పటికీ చేతిలో ఉన్నది కొత్త బండి కాదు.

చట్టం ఏమంటుందో చూశాకే పానా పట్టండి

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చని 182ఏ సెక్షన్ చెబుతోంది. సీసీ పెంచడం, ఛాసిస్ కోసి పొట్టిగా చేయడం, వెనక భాగం తీసేసి బాబర్ చేయడం అన్నీ ఇందులోకే వస్తాయి. రంగు మార్చినా ఆర్‌సీలో రాయించుకోవాలి. అరిగిన భాగాన్ని అదే కొలత భాగంతో మార్చడం, బల్బు, టైరు, బ్రేక్ షూలు వేయించడం లాంటివి మరమ్మతులే, వాటితో ఇబ్బంది లేదు.

పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు అందరూ చూశారు. ఆ పక్కనే నిలబడి ఫొటో దిగాలని సరదా ఉంటే తప్ప కొనకండి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలో ఉంటే దానికి నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలతో కొత్త నంబరు వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరుగుడుకు అది పనికిరాదు, ప్రదర్శనలు, ర్యాలీల లాంటి వాటికే. మీ తాత బండి 1975కు ముందుదైతే దాని విలువంతా మారకుండా ఉండటంలోనే ఉంది. దాని ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్పిస్తే ఆ అర్హతను మీ డబ్బుతో మీరే పోగొట్టుకున్నట్టు. అలాంటి బండి ఉన్నవాళ్లు ఈ వ్యాసంలో అప్‌గ్రేడ్ల భాగం చదవకుండా వదిలేయొచ్చు.

కాగితాలు ఇంకా ముఖ్యం. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. బండి షెడ్డులో పడి ఉన్నన్నాళ్లూ అది ఎవరూ చేయించి ఉండరు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల్లో టూవీలర్ రెన్యువల్ ఆలస్యమైతే నెలకు 300 రూపాయల చొప్పున అదనపు రుసుము ఉంది. పైన గ్రీన్ ట్యాక్స్. ఆర్‌సీ చనిపోయిన వారి పేరు మీద ఉంటే వారసులు ఫారం 31తో పేరు మార్పించుకోవాలి, దానికి నిబంధనల్లో ఇచ్చిన గడువు మూడు నెలలు. ఏళ్లు గడిచిపోయి ఉంటే మిగతా వారసుల నుంచి అంగీకార పత్రాలు, అఫిడవిట్లు అడుగుతారు. కాబట్టి మెకానిక్ దగ్గరకు వెళ్లే ముందు రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లండి. అక్కడ బండి నంబరు ఆన్‌లైన్‌లోనే లేకపోతే, ఇంజన్ నంబరు కాగితంతో కలవకపోతే, మిగతా లెక్కలన్నీ వృథా. మిలిటరీ వేలంలో వచ్చిన బండ్లలోనూ, చేతులు చాలా మారిన బండ్లలోనూ ఈ నంబర్ల గొడవ ఎక్కువ.

డబ్బు లెక్క

మెకానిక్ చెప్పిన లక్ష నిజమేనా? పాత బుల్లెట్‌కు ఇంజన్ మొత్తం విప్పి బోరింగ్, పిస్టన్, వాల్వులు, గైడ్లు, క్రాంకు పని చేయిస్తే పాతిక వేల నుంచి నలభై వేల దాకా సులువుగా అవుతుంది. పెయింటు, క్రోమ్, సీటు కలిపి ఇంకో ఇరవై. వైరింగ్, బ్యాటరీ, లైట్లు, టైర్లు, చక్రాల స్పోకులు, కేబుళ్లు అంటూ చిన్న చిన్నవి కలిపితే ఇంకో ఇరవై. ముందు డిస్క్ బ్రేకు, ఐదు గేర్ల పెట్టె కూడా కావాలంటే ఇంకో పాతిక, ముప్పై. ఊరిని బట్టి, చేతిని బట్టి ఇవి మారతాయి కానీ అన్నీ చేయిస్తే లక్ష దగ్గరకు చేరడం ఖాయం. అదీ ఒక్కసారిగా కాదు, "ఇంకో ఐదు వేలు పంపండి సార్" అన్న ఫోన్ల రూపంలో. పని మూడు వారాలన్నవాడు మూడు నెలలు చేస్తాడు, అది కూడా ఖర్చులోకే వేసుకోండి.

ఇక్కడ ఎవరూ లెక్కవేయనిది ఇన్సూరెన్స్. కొత్త బండికి మొదట్నుంచే ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివారికి జరిగే నష్టానికే), దాని మీద బండి విలువకు రక్షణ ఉంటాయి. ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి, పాతికేళ్ల నాటి బండికి చాలా కంపెనీలు థర్డ్ పార్టీ ఒక్కటే ఇస్తాయి. అంటే మీరు లక్షన్నర పోసి తయారు చేసిన బండి అపార్టుమెంటు సెల్లార్లోంచి దొంగ ఎత్తుకెళితే చేతికి వచ్చేది సున్నా. చెప్పకుండా చేసిన మార్పులుంటే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము కూడా పేచీలో పడుతుంది. ఫైనాన్స్ కూడా అంతే, కొత్త బండికి బ్యాంకు లోను ఇస్తుంది, పాత బండి పనికి జేబులోంచే పెట్టాలి లేదా ఎక్కువ వడ్డీకి పర్సనల్ లోను తీసుకోవాలి.

అమ్మకంలోనూ ఇదే తీరు. అసలు రంగు, అసలు ట్యాంకు, అసలు సైలెన్సరు ఉన్న పాత బుల్లెట్‌కు మంచి ధర పలుకుతుంది. కస్టమ్ చేసిన బండికి మీ అభిరుచే ఉన్నవాడు దొరికితేనే ధర. మీకు నచ్చిన మ్యాట్ నలుపు, వంచిన హ్యాండిల్ ఇంకొకరికి తీసేయాల్సిన ఖర్చుగా కనిపిస్తాయి.

ఉంచుకుందామనే నిర్ణయించుకుంటే

సరే, లెక్కలన్నీ విని కూడా మనసు పాతదాని మీదే ఉంది. తప్పేం లేదు. ఆదివారం పొద్దున యాంప్స్ మీటరు ముల్లును మధ్యకు తెచ్చి, డీకంప్రెసర్ (కిక్ తేలికయ్యేలా ఇంజన్ లోపలి ఒత్తిడి వదిలే లివరు) నొక్కి వదిలి, ఒక్క కిక్కుకు బండి అందుకున్నప్పుడు వచ్చే తృప్తి బటన్ నొక్కితే రాదు. అయితే ఏ వరసలో ఖర్చు పెట్టాలో చూసుకోండి.

మొదట బ్రేకులు. పాత బుల్లెట్‌కు ముందు ఏడు అంగుళాల డ్రమ్ బ్రేకు. కొత్త షూలు, గుండ్రం తిరగని డ్రమ్‌కు లేత్ పని, కొత్త కేబులు, సరైన సర్దుబాటు చేయిస్తే అది మీరనుకున్నదాని కంటే బాగా పట్టుతుంది. చాలా బండ్లలో ఇరవై ఏళ్లుగా ఆ షూలు ఎవరూ మార్చలేదు, అందుకే డ్రమ్ అంటేనే పట్టదని పేరు. ఇది చేశాక కూడా చాలకపోతే, అదే కంపెనీ తర్వాత మాచిస్మో, థండర్‌బర్డ్ బండ్లకు ఇచ్చిన 280 మిల్లీమీటర్ల డిస్కును ముందు ఫోర్కుతో సహా బిగించే మెకానిక్‌లున్నారు. మార్పుల్లో అన్నిటికంటే ప్రాణానికి ఉపయోగపడేది ఇదే. కాని ఇది కంపెనీ ఆ బండికి ఇచ్చిన బ్రేకు కాదు కాబట్టి రవాణా ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్లతోనూ ముందే మాట్లాడండి. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మాత్రం పాత బండికి తెచ్చి తగిలించేది కాదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ అది తప్పనిసరి. వానాకాలం బురద రోడ్డు మీద ఇంట్లో పిల్లవాడికి ఇచ్చే బండి గురించి ఆలోచిస్తుంటే ఈ ఒక్క కారణం చాలు కొత్తది కొనడానికి.

తర్వాత కరెంటు. పాత వైరింగ్ తీసేసి కొత్త హార్నెస్ వేయించండి. ఆరు వోల్టుల బండి అయితే పన్నెండుకు మార్పించండి. స్పార్క్ సమయానికి పుట్టించే కాంటాక్ట్ పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టిస్తే పాయింట్ల గ్యాపు సరిచూసుకునే పని పోతుంది, స్టార్టింగ్ నమ్మకంగా ఉంటుంది, బయటికేమీ కనిపించదు. ఎల్‌ఈడీ హెడ్‌లైట్ దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. పాత ఆల్టర్నేటర్ నుంచి లైటుకు నేరుగా వచ్చే ఏసీ కరెంటు మీద ఎల్‌ఈడీ మినుకుమినుకుమంటుంది, త్వరగా కాలిపోతుంది. ముందు ఏసీని డీసీగా మార్చే మంచి రెగ్యులేటర్ రెక్టిఫైయర్ వేసి, లైటును బ్యాటరీ మీదకు తేవాలి. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. రిలే పెట్టిన 60/55 వాట్ల హెచ్4 హాలోజన్ బల్బు చవకలో మంచి వెలుగు ఇస్తుంది, నా ఓటు దానికే.

పెట్రోలు గురించి తప్పనిసరిగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. పాత రబ్బరు పైపులు, సీళ్లు, కార్బరేటర్ గాస్కెట్లు దానికి ఉబ్బుతాయి, పగులుతాయి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి నెలల తరబడి నిలిపి ఉంచిన ట్యాంకులో తుప్పు పడుతుంది. ఇథనాల్ తట్టుకునే పైపులు వేయించి, ఇంజన్ లీన్‌గా, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువై, ఆడి వేడెక్కుతుంటే కార్బరేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడమనండి. బండి నెలకు పైగా తీయకపోతే కార్బరేటర్ గిన్నెలోని పెట్రోలు దించేయండి. కొత్త బండ్లకు ఈ తలనొప్పి లేదు.

ఐదు గేర్ల పెట్టె విషయంలో నాకు రెండు మనసులు. పాత బుల్లెట్‌లో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మిగతా బండ్లన్నిటికీ రివర్స్. ఇంట్లో రెండు రకాల బండ్లూ ఉంటే కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కేస్తాం. ఎడమ గేరుతో కంపెనీయే తర్వాత చేసిన ఐదు గేర్ల పెట్టె పాత ఇంజన్‌కు కూర్చుంటుంది, ఆ ప్రమాదం తప్పుతుంది. కానీ కుడి గేరు, మడమతో నొక్కి న్యూట్రల్‌కు తెచ్చే ఆ చిన్న లివరు, ఇవే కదా ఆ బండి. మీరొక్కరే నడిపేదైతే ఉంచేయండి. ఇంట్లో ఇంకొకరు కూడా నడిపితే మార్చండి.

పెయింటు, క్రోమ్ అన్నిటికంటే చివర. మొదట పెయింటు వేయించి తర్వాత ఇంజన్ విప్పితే గీతలు పడతాయి, మళ్లీ వేయించాలి.

పార్టుల కోసం హైదరాబాద్‌లో పుత్లీబౌలి, సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ తిరగండి. దొరకనివి చెన్నై పుదుపేటలోనో ఢిల్లీ కరోల్‌బాగ్‌లోనో దొరుకుతాయి. బుల్లెట్‌కున్న అదృష్టం ఇదే, ఆ ఇంజన్‌కు ఇప్పటికీ దేశమంతా పార్టులు తయారవుతున్నాయి. అయితే ఒకే పేరు, ఒకే డబ్బా, మూడు నాణ్యతలు. క్రాంకు బేరింగులు, పిస్టన్, వాల్వులు, క్లచ్ ప్లేట్లు, వీటికి పేరున్న కంపెనీ బిల్లు లేకుండా కొనొద్దు. మడ్‌గార్డు, స్టాండు ఏదైనా పర్వాలేదు.

ఆర్‌ఎక్స్100, యెజ్డీ ఉన్నవాళ్లకు

పైన చెప్పిందంతా బుల్లెట్‌కు వర్తిస్తుంది, ఎందుకంటే దానికి బదులు కొనడానికి కొత్త బుల్లెట్ ఉంది. 1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్‌ఎక్స్100కు ఆ వెసులుబాటు లేదు. వంద కిలోల చిల్లర బరువుకు 11 గుర్రాలు, రెండు స్ట్రోకుల ఇంజన్. కాలుష్య నిబంధనలు బిగిసే కొద్దీ రోడ్డు బైకుల్లో రెండు స్ట్రోకులు పోయాయి, ఇప్పుడు షోరూంలో ఏ ధరకూ అలాంటిది దొరకదు. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారైన పాత యెజ్డీ కూడా అంతే. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2022లో తిరిగి వచ్చిన యెజ్డీ 334 సీసీ, నాలుగు స్ట్రోకులు, నీటితో చల్లబడే ఇంజన్. మంచి బండే, కానీ పేరు తప్ప పాతదానితో చుట్టరికం లేదు.

కాబట్టి వీటిలో "కొత్తది కొనాలా" అన్న ప్రశ్నే సరిగ్గా కుదరదు. ఉంటే ఉంచుకోవడమే, అదీ అసలు రూపంలో. ఆర్‌ఎక్స్100కు 135 బ్యారెల్ బిగించడం మన కుర్రాళ్లకు పాత సరదా. సీసీ మారింది కాబట్టి చట్టానికి విరుద్ధం, అసలు ఇంజన్ పోయింది కాబట్టి ధరకూ దెబ్బ. ఇవి దొంగలకు బాగా ఇష్టమైన బండ్లు కూడా. కొనేవాళ్లు నంబరు మళ్లీ కొట్టించిన ఆనవాళ్లున్నాయేమో ఇంజన్ మీదా ఛాసిస్ మీదా వెలుతురులో చూడండి.

కొత్తది కొనేవాళ్లకు రెండు మాటలు

కొత్త బండిలో అన్నీ సుఖాలే ఉన్నాయని అనుకోవద్దు. అదే కంపెనీ ఇదే ఇంజన్‌తో ఇచ్చే క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, పార్కింగ్‌లో వెనక్కి నెట్టేటప్పుడు తెలుస్తుంది. ఇంజెక్షన్ బండి దారిలో ఆగిపోతే పానా, స్క్రూడ్రైవర్‌తో కదలదు, స్కానర్ ఉన్న సర్వీస్ సెంటరుకు చేర్చాలి. మీ ఊరికి ఆ సెంటరు ఎంత దూరమో కొనేముందే చూడండి. చాలా స్పోకు చక్రాల మోడళ్లలో ట్యూబు టైర్లే, పంక్చరైతే చక్రం విప్పాల్సిందే. ఏబీఎస్ ఒక చక్రానికా, రెండింటికా అన్నది వేరియంట్‌ను బట్టి మారుతుంది, కొన్ని వేల తేడా దగ్గర అక్కడ పొదుపు చేయొద్దు. కస్టమ్ చేయాలన్న కోరిక కంపెనీ సొంత యాక్సెసరీలతో తీర్చుకోండి. బయట వైరు కోసి లైట్లు పెట్టిస్తే మూడేళ్ల వారంటీలో కరెంటు భాగానికి ఎసరు వస్తుంది.

రెండు దారుల్లో దేనిలో వెళ్లినా, పాత బండి నుంచి విప్పిన ఏ భాగాన్నీ మెకానిక్ దగ్గర వదిలేయకండి. పాయింట్ల ప్లేటు, కార్బరేటర్, డ్రమ్ చక్రం, అసలు సైలెన్సరు, నట్లతో సహా గోనెసంచిలో వేసి అటక మీద పెట్టండి. రేపు ఆ బండి అమ్మకానికి వస్తే, తెలిసి కొనేవాడు ధర మాట్లాడే ముందు అడిగేది ఆ సంచి గురించే.